కొలువును కృతియు: నెల్లూరితీరమునందలి ఇద్దరు ఉద్యోగుల రచనల పరిశీలనము

ఉద్యోగము చేయుచు స్వీయకృషి సాగించినవారిని గూర్చి వ్రాయునపుడు విమర్శకులు తరచుగ నొక్క మాటతో తృప్తి పడుదురు. వారు రెండింటిని సమన్వయించిరని చెప్పి ముందునకు సాగుదురు. ఆ సమన్వయ మెట్లు కుదిరెను, దేనిని కొలువున కిచ్చిరి, దేనిని వేరుగ నిలుపుకొనిరి, నిలుపుకొన్నదానికి మూల్య మెవరు చెల్లించిరి అను ప్రశ్నలు మిగిలిపోవును. తిక్కనసోమయాజి మంత్రియు కవియు నగుట తెలియని తెలుగువాడు లేడు. ఆ రెండింటి నడుమ ఆయన గీచిన గీత యెక్కడ నున్నదో చూపిన వ్యాసములు మాత్రము మాకు కనబడినంతలో తక్కువ.

ఈ ప్రశ్న మా కొక పూర్వవిద్యార్థి వలన కలిగినది. మేము జూనియరు కళాశాలలో బోధించుచుండిన నాళ్లలో అతడు మావద్ద తెలుగు చదివెను. నెల్లూరికి దక్షిణమున సముద్రతీరపు పల్లెవాడు. పిమ్మట ఇంజనీరై చెన్నైలో సాఫ్ట్‌వేరు ఉద్యోగము చేయుచున్నాడు. పద్యమును టైపు చేసినచో గణవిభజన చేసి యతిప్రాసలను సరిచూచు ప్రోగ్రాము నొకదానిని మూడేండ్లుగ రాత్రులందు వ్రాయుచున్నాడు. సంక్రాంతికి ఊరికి వచ్చినపుడు తన నియామకపత్రమును మాకు చూపెను. ఉద్యోగకాలమున అతడు నిర్మించునదంతయు సంస్థకే చెందునని అందొక నిబంధన కలదు. పదోన్నతి కావలె నన్నచో ఆ రాత్రివేళలు కూడ సంస్థపనికే వినియోగింపవలెనని పైయధికారి సూచించెనట. కాగితము మా చేతి కిచ్చి, “ఇందులో నాదేది సార్?” అని అడిగెను.

మేము న్యాయవాదులము కాము. మాకు తెలిసినది గ్రంథపఠన మొక్కటియే. కావున ఆ ప్రశ్నను చేతబట్టుకొని, ఈ తీరముతో సంబంధము గల యిద్దరు ఉద్యోగుల రచనలను మరల చదివితిమి. ఒకరు 13వ శతాబ్దమున పెన్నయొడ్డున విక్రమసింహపురిలో మంత్రిత్వము చేసిన తిక్కన. రెండవవారు శ్రీహరికోటనుండి ఉపగ్రహవాహనమును ప్రయోగించిన ఎ.పి.జె. అబ్దుల్ కలాము. శ్రీహరికోట నెల్లూరికి దక్షిణమున నూరు కిలోమీటర్లకు చేరువలో, పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమ నున్న దీవి. 2022 వరకు నెల్లూరు జిల్లాలోనిదై, ఆ యేటి విభజనతో తిరుపతి జిల్లాలో చేరినది. కవిత్వమున వీరిని తూచుట మా యుద్దేశము కాదు. ఇద్దరును కొలువులో నుండియే కొలువు అడుగని గ్రంథ మొకటి నిర్మించిరి. ఆ సామ్య మంతవరకే మాకు ప్రసక్తము.

1. తిక్కన అవతారికలు రెండు

నిర్వచనోత్తరరామాయణము తిక్కన మొదటి కృతి. కృతిభర్త మనుమసిద్ధి. అంకితవృత్తాంతమును కవియే అవతారికలో చెప్పెను. ప్రభువు తన మంత్రిని మామా యని పిలుచువాడు. ఆ పిలుపునే ఆధారముగ గొని, మామవు గనుక నీ భారతీకన్యకను నాకిచ్చుట తగునని యడిగెను. కావ్యమును కన్యగను, అంకితము గొన్నవానిని భర్తగను భావించుట మన సంప్రదాయమున నున్నదే. ఆ సంప్రదాయమును ఇంటివరుసతో జోడించుటలోని చమత్కారమును ఎల్లరును మెచ్చిరి.

చమత్కారము నిజమే. అయినను ఇది యజమాని అడిగిన కానుక యనుటయు నంతే నిజము. వరుస కలిపి పిలిచిన ప్రభువునకు మంత్రి కాదని చెప్పుట యెట్లు? తిక్కన అయిష్టముగ నిచ్చెనని మే మనుట లేదు. అవతారికలో అట్టి సూచన యేదియు లేదు. కొలువువలన కలిగిన గౌరవమునకు, స్నేహమునకు కృతి రూపమున ఋణము తీర్చెననియే మా తాత్పర్యము. ఈ కృతి కొలువునకు చెల్లినది.

భారతరచనకు వచ్చునప్పటికి సన్నివేశము మారినది. విరాటపర్వావతారికలో కృతిని అడుగుట కలలో జరుగును. తండ్రి కొమ్మన కనబడి హరిహరనాథుని ఆనతిని తెలుపును. పిమ్మట స్వామియే సాక్షాత్కరించి కృతిపతిత్వమును కోరును. రెండవతారికలను ప్రక్కప్రక్కన నుంచి చదివినచో, రెండింటి నిర్మాణము నొక్కటియే యని తెలియును. రెండు చోట్లను ఒకరు అడుగుదురు, కవి యిచ్చును. రెండు చోట్లను ఆ కోరికకు బంధుత్వమే ద్వారము. మొదటిదానిలో బంధుత్వము పిలుపువరుస. రెండవదానిలో కన్నతండ్రి. కొలువు కల్పించిన వరుసకు మొదటి కృతి నిచ్చిన కవి, పుట్టుకతో వచ్చిన ఋణమునకు రెండవ కృతి నిచ్చెను. ఈ భేదము యాదృచ్ఛిక మని మాకు తోపదు.

దీనికొక యాక్షేపము రావచ్చును. హరిహరనాథాంకితము శైవవైష్ణవవైరమును శమింపజేయుటకై చేసినదనియు, అందు మతాభినివేశమే కాని యుద్యోగప్రసక్తి లేదనియు పండితులు చెప్పుదురు. హరిహరాభేదభావన అంకితమునకు ముఖ్యకారణమగుట మాకును సమ్మతమే. కాని ఆ భావనను కావ్యమున ప్రతిపాదించుటకు రాజును కృతిభర్తగ విడువవలసిన పని లేదు. భారతాంధ్రీకరణము ఆరంభమైనదే రాజాజ్ఞతో. నన్నయ రాజరాజనరేంద్రుని కోరికమీద పూనుకొన్నాడు. ఆ మార్గము తిక్కనకు తెరచియే యున్నది. తెరచియున్న మార్గమున పోకపోవుట విమర్శకుడు గమనింపదగిన విషయము.

2. ఉద్యోగపర్వము, ఉద్యోగానుభవము

తిక్కన రాయబారఘట్టములు రాణించుటకు ఆయన మంత్రిత్వానుభవమే కారణమని చిరకాలముగ చెప్పుచున్నారు. కాసె సర్వప్ప సిద్ధేశ్వరచరిత్రము ప్రకారము, మనుమసిద్ధి రాజ్యము కోల్పోయినపుడు తిక్కన ఓరుగంటికి పోయి, గణపతిదేవుని సభలో భారతార్థము వినిపించి, సైన్యసహాయమును సాధించెను. అక్కన బయ్యనలు ఓడిరి, మనుమసిద్ధికి నెల్లూరు మరల దక్కినది. కథలోని ప్రత్యంశమును చరిత్రగ గ్రహింపకపోయినను, తిక్కన దౌత్యనిపుణుడను ప్రసిద్ధి అందు నిలిచియున్నది.

అనుభవము కవిత్వమునకు పుష్టి నిచ్చెననుట వరకు మేమును అంగీకరింతుము. అయితే ఇందొక వైపరీత్యము కలదు. ఐతిహ్యమునందలి తిక్కనరాయబారము ఫలించినది. ఉద్యోగపర్వమున సంజయుని రాయబారము గాని, శ్రీకృష్ణుని రాయబారము గాని సంధి కుదుర్పలేదు. ఫలించిన దౌత్యము కొలువు లెక్కలో చేరును. దానికి ప్రభువు సన్మానము చేయును, చరిత్రకారుడు పేరు వ్రాయును. చెప్పవలసిన మాటలన్నియు చెప్పి, వినవలసినవాడు వినక, వట్టిచేతులతో మరలివచ్చిన దూత అనుభవమునకు కొలువులో చోటు లేదు. అట్టి దౌత్యమును తిక్కన ఎంత ఓర్పుతో నడపెనో పాఠకు లెరుగుదురు. ప్రతిపాత్రయు తన పక్షము నిండుగ పలుకును. యుద్ధము తప్పదని తెలిసియు ఒక్క మాట తొందరపడి వెలువడదు. మంత్రిగ నున్నపుడు చెప్పవీలులేనిదానిని ఆయన కవియై చెప్పెనని మా యూహ. స్వీయకృతికి విషయము కొలువునుండియే వచ్చినది. కాని కొలువు విడిచిపెట్టిన భాగమునుండి వచ్చినది.

3. శ్రీహరికోట, ఒక ఆత్మకథ

ఈ దృష్టితోనే కలాముగారి ఆత్మకథను చూతము. మూలము ఆంగ్లమున 1999లో వెలువడినది. తెలుగున వాడ్రేవు చినవీరభద్రుడుగారి యనువాదము ‘ఒక విజేత ఆత్మకథ’ అను పేర ప్రసిద్ధము. మూలనామమున నున్నవి అగ్నియు రెక్కలు. తెలుగునామమున నున్నవాడు విజేత. ఈ మార్పు పాఠకుని ఒక వైపునకు త్రిప్పుచున్నదని మా యభిప్రాయము. మన విద్యార్థులు ఈ గ్రంథమును పదోన్నతికి సోపానముగ, విజయరహస్యముల పట్టికగ చదువుట మేము పలుమారు చూచితిమి. గ్రంథహృదయ మక్కడ లేదు.

శ్రీహరికోటనుండి తొలి రోహిణి రాకెట్టు 1971 అక్టోబరు 9న ఎగసినది. ఎస్.ఎల్.వి.-3 అను నాలుగంచెల ఉపగ్రహవాహనమునకు కలాముగారు నాయకులు. దాని తొలి ప్రయోగము 1979 ఆగస్టు 10న జరిగినది. రెండవ అంచె నియంత్రణవ్యవస్థ చెడుటచే వాహనము గతి తప్పి బంగాళాఖాతమున పడిపోయినది. రెండవ ప్రయోగము 1980 జూలై 18న సఫలమై రోహిణి ఉపగ్రహము కక్ష్య చేరినది. ప్రభుత్వపు పత్రములలో రెండవ తేదికి గల స్థానము మొదటిదానికి లేదు. ఆత్మకథలో మాత్రము ఆగస్టుదినమునకు విశేషస్థానము కలదు. అలసటతో పోయి పడుకొన్న నాయకుని, పొద్దు వాలినపిదప బ్రహ్మప్రకాశుగారు వచ్చి మెల్లగ తట్టి లేపి, భోజనమునకు పోవుదమా యని పిలుచును. రాకెట్టు మాట అప్పుడెత్తరు. ఈ చిన్న సన్నివేశమును ఏ నివేదికయు నమోదు చేయదు. దీనిని నిలుపుటకే ఆత్మకథ యను ప్రక్రియ యున్నది.

కలాముగారు ఉపన్యాసములందు పలుమారు చెప్పిన మరియొక వృత్తాంతము దీనికి తోడు. విఫలమైన దినమున పత్రికలవారి యెదుటికి సంస్థాధ్యక్షులు సతీశ్ ధవనుగారే పోయి బాధ్యత తమదిగ చెప్పిరి. మరుసటి యేడు సఫలమైనపుడు కలాముగారినే పంపిరి. ధవనుగారు ఆంగ్లసాహిత్యమున ఎం.ఏ. పట్టభద్రులు, ఇంజనీరు, బెంగుళూరు విజ్ఞానసంస్థకు 1962 నుండి 1981 వరకు సంచాలకులు. ఆ పదవి విడువకయే 1972 నుండి 1984 వరకు అంతరిక్షసంస్థకు అధ్యక్షత వహించిరి. ఇన్ని పనుల నడుమ పక్షుల యుడ్డయనమును పరిశీలించి దానిపై గ్రంథమును రచించిరి. శీతకాలమున పులికాటునకు వచ్చు రాజహంసలను, సమీపమున నేలపట్టులోని గూడబాతులను చూచినవారికి ఆ యాసక్తి ఆశ్చర్యము గొలుపదు. పక్షులను గూర్చి వ్రాయుమని ఏ ప్రభుత్వమును ఆయనను కోరలేదు. శ్రీహరికోట కేంద్రమునకు 2002లో ఆయన పేరు పెట్టిరి.

ఇక కలాముగారి గ్రంథాంకితము. జీవితమంతయు ప్రభుత్వసంస్థలలో గడపిన శాస్త్రజ్ఞుడు తన కథను ఏ సంస్థకును అంకితము చేయలేదు. తల్లిదండ్రుల స్మృతికి చేసెను. గ్రంథారంభమున తల్లిని గూర్చిన పద్యము కలదు. తిక్కనకు కలలో కొమ్మన కనబడుటకును దీనికిని ఏడు శతాబ్దముల దూరము. ఐనను గీత గీచిన చోటు ఒక్కటియే. రాకెట్టు ప్రభుత్వమునది. ఆ రాకెట్టు పడిపోయిన సాయంకాలము ఆయనది. దానిని ఆయన కన్నవారికి సమర్పించెను.

4. లేఖకుడు

పనిగల మనుష్యుడు పెద్ద గ్రంథమును ఎట్లు వ్రాయగలడు? తిక్కన ఆశువుగ చెప్పుచుండ కుమ్మరి గురునాథుడు వ్రాసెనని ఐతిహ్యము. కలాముగారి గ్రంథమును ఆయనవద్ద పనిచేసిన అరుణ్ తివారీ, ఆయన చెప్పుచుండగ వినివ్రాసి సిద్ధపరచెను. గ్రంథము వెలువడునప్పటికి కలాముగారు పదవిలోనే యుండిరి. ఈ రెండును కేవలము కాలము మిగుల్చుకొను నుపాయములుగ కనబడవచ్చును. శైలిమీద వీని ప్రభావము కూడ గమనింపదగినది. తిక్కన భారతమున నాటకీయత, సంభాషణప్రాబల్యము మౌఖికరచనకు సహజములు. కలాముగారి గ్రంథమందును ఎదుటి మనుష్యునికి చెప్పుచున్నట్టి స్వరమే కలదు. స్వీయకృషి యేకాంతముననే జరుగవలెనను భావము ఈ రెండు గ్రంథముల విషయమున నిలువదు. వినువాడొకడు ప్రక్కన నుండుటవలన వీరి పని సాగినది.

5. మూల్యము

ఇంతవరకు చెప్పినది వినసొంపుగ నున్నది. దీనికి రెండవ ముఖము కలదు. కలాముగారి ఇంజనీరింగు ప్రవేశరుసుమునకై అక్క జోహరా తన బంగారపు గాజులు, గొలుసు తాకట్టు పెట్టినది. బావ జలాలుద్దీను, తండ్రి, తల్లి స్వల్పవ్యవధిలో ఒకరివెంట నొకరు మరణించిన వృత్తాంతము గ్రంథమున ఎస్.ఎల్.వి. కృషి నడుమనే వచ్చును. తండ్రి మరణము 1976లో. నాయకుడు శోకమును దిగమ్రింగి పనికి మరలును. ఆయన వివాహము చేసికొనలేదు. అంకితమున తల్లిదండ్రుల పేరుండుట కృతజ్ఞతామాత్రము కాదు, తీరని బాకీని ఒప్పుకొనుట. ‘విజేత’ యను మాట ఈ బాకీని కప్పివేయును. మా యభ్యంతర మదియే.

మరియొక హద్దును ఒప్పుకొనవలెను. తిక్కన సామాన్యోద్యోగి కాడు. మంత్రివంశమున పుట్టినవాడు. కేతన దశకుమారచరిత్రమును ఆయనకే అంకితము చేసెను. అనగా ఆయన కవియే కాక కృతిభర్త కూడ. కలాముగారు నాయకులు. గీత గీయగల స్థానము వారిద్దరికి నుండెను. ఆ ప్రయోగముల వెనుక పనిచేసిన వందలమంది ఆత్మకథలు వ్రాయలేదు. ఆ దీవిలో తరతరములుగ బ్రతికిన యానాదులు కేంద్రము కొరకు చోటు మారవలసివచ్చినది. వారి కథకు అవతారిక లేదు. పై యుదాహరణములనుండి అందరికి వర్తించు సూత్రమును లాగుట విమర్శధర్మము కాదు.

6. ఉపసంహారము

మా పూర్వవిద్యార్థికి చెప్పగలిగినది కొంచెమే. 1957 నాటి భారతీయ కాపీరైటు చట్టము ప్రకారము, ఉద్యోగవిధిలో భాగముగ చేసిన రచనకు, వేరొప్పందము లేనిచో, యజమానియే ప్రథమస్వామి. ఆ చట్టమునందు కంప్యూటరు ప్రోగ్రాము సాహిత్యరచనలలోనిదిగ లెక్కింపబడుచున్నది. తెలుగు శాఖవారమైన మాకు ఈ యంశము కొంత నవ్వును, కొంత యాలోచనను కలిగించినది. విధికి వెలుపల చేసినదాని సంగతి ఒప్పందమును బట్టి యుండును. అతని ఒప్పందము చట్టముకంటె దూరము పోయినది. మామా యని పిలిచి కన్య నడిగిన ప్రభువు కనీసము వరుస కలిపెను. ఈ నిబంధన పుట్టబోవు సంతానమునుకూడ ముందే వ్రాయించుకొనుచున్నది.

సంస్థయంత్రమును, సంస్థవేళలను ఆ పనికి వాడవద్దని చెప్పితిమి. ప్రోగ్రాము స్వరూపమును తెలుపుచు పైవారికి లేఖ వ్రాసి, అది తనదేయని వ్రాతమూలకముగ అనుమతి గొనుమంటిమి. న్యాయవాదిని చూడుమంటిమి. ఇవి యెవరైనను చెప్పగల మాటలు. పిమ్మట మా శాస్త్రమునకు సంబంధించిన ప్రశ్న నొకదానిని అడిగితిమి: దీనికి కృతిభర్త యెవరు?

అతడు కొంతసేపు మాటాడలేదు. తన తాత చేపలవేటకు పోవువాడట. అక్షరజ్ఞానము లేదు. తిరుపతి వేంకటకవుల నాటకపద్యములు రాత్రులందు విని విని కంఠస్థము చేసికొనెను. పాడునాటి నటుడు యతి తప్పినచో ముఖము చిట్లించువాడు. నియమ మడిగినచో చెప్పలేడు, చెవికి తెలియును. ఆ చెవి చేయు పనిని యంత్రముచేత చేయించుటకే మూడేండ్లు గడచినవని మా విద్యార్థి చెప్పెను.

అప్పుడు మా ప్రశ్నకు సమాధానము దొరకినది. రోజుకు ఎన్ని గంటలు కొలువునకు, ఎన్ని గంటలు తనకు అను లెక్కతో మేము మొదలిడియుంటిమి. తిక్కన అవతారికలు ఆ లెక్కను అడుగలేదు. ఈ పని యెవరి ఋణమును తీర్చుచున్నది అను ప్రశ్నను అడిగినవి. కొలువు ఋణము కొలువునకు తీర్పవలసినదే. తిక్కన తీర్చెను, కలాముగారు తీర్చిరి. కొలువునకు సంబంధము లేని ఋణము ఒకటి యున్నవానికి మాత్రమే వేరొక కృతి అవసరమగును. అట్టిది లేనివాడు రాత్రులను నిద్రకు విడుచుట మేలు.

అతడు లేఖ వ్రాసెను. ఈ వ్యాసము వ్రాయునప్పటికి జవాబు రాలేదు. ఆ యేటి పదోన్నతియు రాలేదు. ప్రోగ్రాము సీసపద్యముల వరకు వచ్చినదట. సరిచూచుటకు పద్యములు పంపుమని కోరగా, విరాటోద్యోగపర్వములనుండి ఏరి పంపుచున్నాము.